లారీ ధరలో సుంకం ఎంత?

2025 ఆగస్టు 19న కేంద్ర ప్రభుత్వం ముడి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. దాచేపల్లి, గురజాల, పిడుగురాళ్ళ చేలల్లో పత్తి ఇంకా పగలకముందే వచ్చిన ఈ కబురును రైతుకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. బయటి పత్తి సుంకం లేకుండా దిగుతుంటే మిల్లుల వాళ్ళు మన పత్తికి ధర పెంచరు. ఆ సీజన్‌కు క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్న మాట నిజమే గాని, కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కేంద్రంలో తేమ పరీక్ష దాటగలిగిన సరుకుకే అది దక్కుతుంది.

పత్తి దగ్గర ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి లారీల దగ్గరికి వచ్చేసరికి తికమకగా మారుతుంది. అదే ఏడాది నవంబరు 1 నుంచి అమెరికా, బయటి దేశాల నుంచి వచ్చే మధ్య తరహా, భారీ ట్రక్కుల మీదా వాటి విడిభాగాల మీదా 25 శాతం, బస్సుల మీద 10 శాతం సుంకం వేసింది. దానికి ముందు ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దిగుమతి ఉక్కు మీద 12 శాతం రక్షణ సుంకం వేసింది. మధ్యలో సెప్టెంబరు 22న లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ మూడు వార్తలూ విన్నవాళ్ళు, కొత్త బండి తీయాలా ఆగాలా అని అడిగితే జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ముందు ఒక్కో సుంకం ఎక్కడ తగులుతుందో విడదీసుకోవాలి.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పొందుగుల దగ్గర కృష్ణ దాటి పల్నాడులోకి వస్తుంది. దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట వైపు సాగిపోతుంది. ఆ రోడ్డు పక్కన ఒక గంట నిలబడితే సిమెంటు బల్కర్లు, సున్నం లోడ్లు, సీజన్‌ను బట్టి పత్తి బేళ్ళు, గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీలు కనిపిస్తాయి. బండ్ల ముక్కు మీద టాటా, లేలాండ్, ఐషర్, భారత్‌బెంజ్ అన్న పేర్లే ఉంటాయి. జంషెడ్‌పూర్, హోసూరు, పీతంపూర్, ఒరగడంలలో తయారైన బండ్లు అవి. ఓడలో దిగి వచ్చిన లారీ దాదాపు ఉండదు. తయారై వచ్చే లారీ మీద మన దిగుమతి సుంకాన్ని 2015 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతానికి, 2020లో 40 శాతానికి పెంచారు. అది దడి లాంటిది. దాని వల్ల లోపలికి రానివే ఎక్కువ, వచ్చి డబ్బు కట్టేవి తక్కువ. కాబట్టి ఆ 40 శాతాన్ని చూసి మన లారీ ధరను లెక్కకట్టలేం.

ఆ దడి ఎప్పుడు, ఎందుకు వేశారన్నది మాత్రం తెలుసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి జనరల్ మోటార్స్, ఫోర్డు కంపెనీలు పెట్టెల్లో విడిభాగాలు తెచ్చి బొంబాయి, మద్రాసు లాంటి రేవుల్లో బిగించి అమ్మేవి. ఇక్కడే తయారుచేసే ప్రణాళిక చూపించలేని కంపెనీలకు అనుమతి ఉండకూడదని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ రెండు కంపెనీలూ సర్దుకుని వెళ్ళిపోయాయి. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. 1955లో మద్రాసులోని అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారింది. 1969లో బెంజ్‌తో ఒప్పందం ముగిసి ముక్కు మీది నక్షత్రం పోయింది. అయినా మన పెద్దవాళ్ళు చాలాకాలం దాన్ని బెంజి లారీ అనే అన్నారు.

రక్షణ సుంకాలను సమర్థించేవాళ్ళు ఈ కథను తప్పకుండా చెబుతారు. చెప్పాలి కూడా. ఆ నిర్ణయం లేకపోతే మనకు లారీ పరిశ్రమ ఈ స్థాయిలో ఉండేది కాదు. 2025 జులైలో టాటా మోటార్స్ ఇటలీ ట్రక్కుల కంపెనీ ఇవెకోను 380 కోట్ల యూరోలకు కొంటామని ప్రకటించింది. పెట్టెల్లో భాగాలు తెచ్చి బిగించుకున్న దేశం అక్కడిదాకా వెళ్ళింది. కానీ ఆ ఘనతను సుంకం ఒక్కదాని ఖాతాలో వేయలేం. ఎన్నేళ్ళలో ఎన్ని భాగాలు ఇక్కడ తయారుచేయాలో కంపెనీ ముందే రాసివ్వాలి. పక్కన ఇంజను పని నేర్పే జర్మన్ భాగస్వామి ఉండాలి. ఇవి రెండూ కుదిరాయి గనక సుంకం పనిచేసింది. ఇంకో లెక్క కూడా ఉంది. పోటీ లేని ఆ దశాబ్దాల్లో ఛాసిస్ కోసం బుక్ చేసి నెలల తరబడి కాచుకున్నారు. ఒకే మోడల్ బండిని తరాల తరబడి నడిపారు. మే నెల ఎండలో ఇంజను వేడి కాళ్ళకు తగులుతుండగా, ఆటోనగర్‌లో కట్టిన చెక్క క్యాబిన్‌లో డ్రైవర్లు ఉడికిపోయారు. లారీ క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన బండ్లకే. రక్షణకు అయిన ఖర్చులో ఒక వాటా డ్రైవరు కట్టాడు. ఏ బడ్జెట్ పత్రంలోనూ ఆ పద్దు కనపడదు.

సుంకంతో పాటు మారకం రేటు కూడా లారీని ముంచగలదని చూపించే కథ మన జహీరాబాదులోనే ఉంది. హైదరాబాదు ఆల్విన్ అంటే అందరికీ ఫ్రిజ్‌లు, గడియారాలు, ఆర్టీసీ బస్సు బాడీలు గుర్తొస్తాయి. 1980ల మొదట్లో ప్రభుత్వం తేలికపాటి లారీల తయారీకి జపాను కంపెనీలతో పొత్తులను అనుమతించినప్పుడు ఆల్విన్ నిస్సాన్‌తో చేయి కలిపింది. అప్పట్లోనే డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా వచ్చాయి. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టి క్యాబ్‌స్టార్ బండ్లు దించింది. బండి నున్నగా నడిచేది, క్యాబిన్ బాగుండేది. అయితే మొదట్లో భాగాలు చాలామటుకు జపాను నుంచే రావాలి. 1985 సెప్టెంబరులో న్యూయార్కు ప్లాజా హోటల్లో అయిదు పెద్ద దేశాలు డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. డాలరుకు 240 దాకా ఉన్న యెన్లు రెండేళ్ళు తిరిగేసరికి దాదాపు సగమయ్యాయి. యెన్ బలపడితే జపాను పెట్టె ప్రతిదీ ప్రియమవుతుంది. సరిగ్గా అదే సమయంలో, 1986లో, టాటాలు సొంతంగా రూపొందించిన 407ను దించారు. దాని భాగాలు దాదాపు అన్నీ ఇక్కడివే, ధర తక్కువ, మరమ్మతు ఏ ఊళ్ళోనైనా అవుతుంది. ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రా చేతికి వెళ్ళింది. టయోటా పొత్తూ నిలవలేదు. మన భాగాలు త్వరగా పెంచుకున్న ఐషర్ మాత్రం నిలబడింది.

ఆల్విన్ మీద ఎవరూ కొత్తగా సుంకం వేయలేదు. అయినా ఫలితం భారీ సుంకం వేసినట్టే ఉంది. కొనేవాళ్ళకు బయటి భాగం ధర పెరగడం ఒక్కటే తెలుస్తుంది. అది సుంకం వల్ల పెరిగిందా, యెన్ వల్ల పెరిగిందా అన్నది వాళ్ళకు అనవసరం. జహీరాబాదు ఫ్యాక్టరీలో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు వస్తున్నాయి.

ఇక ఇప్పటి లారీ లోపలికి చూద్దాం. బండి బరువులో పెద్ద వాటా ఉక్కుది. 2025 ఏప్రిల్ 21న రేకు, పలక రూపంలో వచ్చే ఉక్కు మీద 200 రోజులకు వేసిన 12 శాతం రక్షణ సుంకాన్ని తర్వాత ఏటా కొద్దికొద్దిగా తగ్గేలా మూడేళ్ళకు ఖరారు చేశారు. చైనా ఉక్కు చవగ్గా వచ్చి పడుతోందన్నది దానికి కారణం. సుంకం పడేది దిగుమతి ఉక్కు మీదే అయినా, పోటీదారు ధర పెరిగింది కాబట్టి ఇక్కడి మిల్లులు కూడా ధర పెంచుకోగలుగుతాయి. అందుకే ఒక్క కిలో విదేశీ ఉక్కు వాడని లారీకి కూడా ఈ సుంకం తగులుతుంది.

ఎంత తగులుతుందో చేతిలెక్క వేద్దాం. పది టైర్ల బండికి ఆరు టన్నుల ఉక్కు పడుతుందనీ, టన్ను 50 వేలనీ అనుకుందాం. 12 శాతం మొత్తం ధరలోకి ఎక్కితే టన్నుకు 6 వేలు, బండికి 36 వేలు. దాని మీద జీఎస్టీ 18 శాతం పడితే 42 వేల పైచిలుకు. పన్ను మీద పన్ను అంటే ఇదే. నిజానికి మొత్తం ఎక్కదు. లారీ కంపెనీలు మిల్లులతో ముందుగానే ధర మాట్లాడుకుంటాయి, కొంత తామే మింగుతాయి. కానీ విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ రేకు ఏ రోజుకు ఆ రోజు రేటుకు కొనాలి. మాట్లాడుకున్న బేరం నెల తర్వాత బండి వచ్చేసరికి గిట్టదు. సుంకం పెద్ద కంపెనీని గీకి, చిన్న షెడ్డును కోస్తుంది. ఈ సంగతి పరిశ్రమ సంఘాల వినతిపత్రాల్లో దాదాపు కనపడదు, ఎందుకంటే షెడ్డువాళ్ళు ఢిల్లీ వెళ్ళి వినతిపత్రం ఇవ్వరు. విశాఖ ఉక్కు దగ్గర్లోనే ఉంది కదా అనుకోవచ్చు. అక్కడ తయారయ్యేది కడ్డీలు, రాడ్లు, యాంగిళ్ళ లాంటి పొడవు సరుకు. క్యాబిన్ రేకు, ఛాసిస్ పలక అక్కడివి కావు.

టైర్ల సంగతి ఇంకా చిత్రం. చైనా నుంచి చవగ్గా వస్తున్న లారీ రేడియల్ టైర్ల మీద 2017లో యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2018 బడ్జెట్‌లో మామూలు సుంకాన్ని 10 నుంచి 15 శాతం చేశారు. టైరు కంపెనీలకు ఊపిరి వచ్చింది. చినపాండూరు దగ్గర అపోలో ఫ్యాక్టరీ లాంటివి మన రాష్ట్రంలోనే లారీ టైర్లు తీస్తున్నాయి. మరోవైపు ముడి రబ్బరు మీద 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది సుంకం. దేశంలో వాడే సహజ రబ్బరులో దాదాపు మూడోవంతు బయటి నుంచే రావాలి. ఒక లారీ టైరులో ఇరవై కిలోల దాకా సహజ రబ్బరు ఉంటుందనుకుంటే టైరుకు 600, పది టైర్లకు 6 వేలు. బండి కొన్నప్పుడు ఒక్కసారే కాదు, టైర్లు మార్చిన ప్రతిసారీ. సిమెంటు క్వారీల వైపు తిరిగే బండ్లకు టైర్లు ఎంత త్వరగా అరుగుతాయో పల్నాడు ఓనర్లకు చెప్పక్కర్లేదు.

అలాగని ఆ రబ్బరు సుంకం తీసేయమని వెంటనే అనలేం. కొట్టాయం రబ్బరు రైతుకు ఆ 30 రూపాయలు ఎంతో, దాచేపల్లి పత్తి రైతుకు 11 శాతం అంత. ఇక్కడ ఒకే ఇంట్లో అన్న పత్తి వేసి తమ్ముడు లారీ తిప్పుతుంటే, పత్తి మీద సుంకం ఉండాలని అన్న, రబ్బరు మీద పోవాలని తమ్ముడు కోరుకుంటారు. ఇద్దరి మాటా న్యాయమే. ఇలాంటి చోట ఆర్థికశాస్త్రం సగం దూరమే తీసుకెళుతుంది. మిగతా సగం ఎవరి గొంతు ఢిల్లీకి వినపడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

అమెరికాలో ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఈ కంటితో చూస్తే బాగా అర్థమవుతుంది. అక్కడ పికప్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం కొత్తది కాదు, 1964 జనవరి నుంచీ ఉంది. అమెరికా కోళ్ళ మీద యూరప్ సుంకం పెంచిందన్న కోపంతో ప్రెసిడెంటు జాన్సన్ వేసింది అది. కోళ్ళ తగాదా చల్లారిపోయింది, సుంకం మాత్రం అరవై ఏళ్ళు దాటినా కదలలేదు. దాని నుంచి తప్పించుకోవడానికి ఫోర్డు కంపెనీ తన సరుకు వ్యానులను టర్కీలో వెనక సీట్లు, కిటికీలు పెట్టి ప్రయాణికుల బండిగా దించి, రేవులో దిగాక ఆ సీట్లు పీకేసింది. టయోటా లాంటి కంపెనీలు అక్కడే ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. అంటే సుంకం కొంత తయారీని లాక్కొచ్చింది, కొంత గారడీని కూడా నేర్పింది.

భారీ ట్రక్కుల మీద 2025 నాటి సుంకానికి వెనక మరో చిక్కు ఉంది. అంతకుముందే, జూన్‌లో, అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. దాంతో అమెరికాలోనే ట్రక్కులు తయారుచేసే ప్యాకార్ లాంటి కంపెనీలకు ఖర్చు పెరిగింది. పక్కన మెక్సికోలో తయారైన ట్రక్కు మాత్రం వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా సరిహద్దు దాటేది. ముడిసరుకు మీద సుంకం స్వదేశీ తయారీదారునే శిక్షించింది. దాన్ని సరిచేయడానికి పూర్తి ట్రక్కు మీద ఇంకో సుంకం కావలసి వచ్చింది. ట్రక్కు కొనేవాళ్ళు రెండూ భరించాలి. ఈలోగా ఏం జరుగుతుందో తెలియక కొనుగోళ్ళు ఆగాయి. 2025 ఏప్రిల్‌లోనే వోల్వో గ్రూపు తన అమెరికా ఫ్యాక్టరీలలో 800 మంది దాకా తీసేస్తామని చెప్పింది. ఫ్యాక్టరీలు పెరగాలని వేసే సుంకానికి మొదటి ఫలితం లేఆఫ్ కావడం విడ్డూరంగా ఉంటుంది గాని, అనుమానం ఉన్నచోట ఎవరూ ఆర్డరు పెట్టరు.

పరిశోధకులు ఏమంటున్నారంటే, 2018 నాటి అమెరికా సుంకాల మీద అమిటి, రెడింగ్, వైన్‌స్టైన్ చేసిన అధ్యయనంలో సుంకం భారం దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదారుల మీదే పడినట్టు తేలింది. తర్వాత వాళ్ళే మళ్ళీ చూసినప్పుడు ఉక్కు దగ్గర మాత్రం విదేశీ మిల్లులు ధర దించుకుని సగం దాకా తామే మోసినట్టు కనిపించింది. వాషింగ్ మెషీన్ల మీద వేసిన సుంకాన్ని మరో బృందం పరిశీలించింది. వాషర్ల ధర 12 శాతం దాకా పెరిగింది. సుంకమే లేని డ్రయర్ల ధర కూడా పెరిగింది, ఎందుకంటే అవి జతగా అమ్ముడవుతాయి. దాదాపు 1,800 ఉద్యోగాలు వచ్చాయి, ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారుల మీద పడిన ఖర్చు 8 లక్షల డాలర్ల పైన. వీటిని బట్టి నాకు తోచేది ఇది: సుంకం ధర పెంచుతుందా అన్నదాంట్లో పెద్ద వివాదం లేదు. ఆ పెంపుకు బదులుగా తయారీ ఎంత వస్తుందన్నదే వివాదం. మనకు 1953 నాటి నిర్ణయంతో వచ్చింది. ఇప్పుడు ఉక్కు సుంకం వల్ల మిల్లుల్లో వస్తుందేమో గాని ఆటోనగర్‌లో రాదు.

విద్యుత్ లారీల దగ్గర ఆల్విన్ కథ మళ్ళీ నడుస్తోంది. హైదరాబాదు ఒలెక్ట్రా కంపెనీ చైనా బీవైడీ సాంకేతికతతో బస్సులు చేసి, విద్యుత్ టిప్పరు కూడా తెచ్చింది. బ్యాటరీ సెల్స్ బయటి నుంచే రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా మోటార్లకు కావలసిన అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతిని బిగించింది. అమ్మేవాళ్ళే ఆపితే మన సుంకం సున్నా చేసినా సరుకు రాదు. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఒక్కో విద్యుత్ ట్రక్కుకు 9.6 లక్షల దాకా సాయం ఉంది. దాచేపల్లి బల్కరుకు అది అందే రోజు ఇప్పట్లో కనపడదు. అశోక్ లేలాండ్ 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ కూడా బస్సులకే.

లారీ ఓనరుకు సుంకం నిజంగా నొప్పి పెట్టేది బండి ధరలో కంటే కిరాయిలో. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు రొయ్యల ధర పడింది. భీమవరం వైపు కంటైనర్లు తిప్పేవాళ్ళకు బండి ధర మారలేదు, లోడు మారింది. దిగుమతి పత్తి తూత్తుక్కుడి రేవులో దిగి అక్కడి నుంచే తమిళనాడు మిల్లులకు వెళితే, పల్నాడు జిన్నింగ్ మిల్లు నుంచి కోయంబత్తూరుకు వెళ్ళే బేళ్ళ లోడు ఆ మేరకు తగ్గుతుంది. ఖాళీగా నిలబడ్డ బండికీ నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. ఒకటి రెండు బళ్ళున్న ఓనర్లు ఒకరితో ఒకరు పోటీపడి కిరాయి తగ్గించుకుంటారు గాని, పెరిగిన ఖర్చు కిరాయిలో వేసుకోలేరు.

ఉక్కు సుంకం పక్కన జీఎస్టీ తగ్గింపును పెట్టి పోల్చి చూడండి. 30 లక్షల బండికి 28 శాతంతో 38 లక్షల 40 వేలు అయ్యేది, 18 శాతంతో 35 లక్షల 40 వేలు. మూడు లక్షలు మిగిలాయి. చిన్న ఓనరు బండిని ట్రాన్స్‌పోర్టు కంపెనీకి కిరాయికి ఇస్తాడు. ఆ కిరాయి మీద జీఎస్టీ లేదు కాబట్టి బండి మీద కట్టింది వెనక్కి రాదు. అందువల్ల ఈ మూడు లక్షలు అచ్చంగా అతని జేబువే. ఉక్కు సుంకం మొత్తం ఎక్కినా పోయేది అందులో ఏడో వంతు. 30 లక్షల అప్పు అయిదేళ్ళకు తీసుకుని వడ్డీ 10 నుంచి 11 శాతానికి పెరిగితే మొత్తం మీద 89 వేలు అదనం. ఒక్క శాతం వడ్డీ, 12 శాతం ఉక్కు సుంకానికి రెట్టింపు బరువు.

అందుకని లారీ ఓనర్ల సంఘాలు దిగుమతి సుంకాల గురించి వినతిపత్రం ఇవ్వదలిస్తే, పూర్తి బండి మీది 40 శాతం జోలికి పోకుండా, ఉక్కు రేకు మీది సుంకం బాడీ షెడ్లకు ఎంత పడుతోందో లెక్క కట్టి అడగడం మంచిది. ఈ సీజన్‌లో బండి తీయాలనుకునేవాళ్ళు అమెరికా వార్త చూసి ఆగనక్కర్లేదు. కొటేషన్‌లో జీఎస్టీ 18 శాతమే వేశారా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద 5 శాతమే వేశారా చూసుకోండి. ఫైనాన్స్ కంపెనీ చెప్పే వడ్డీ మొత్తం అప్పు మీద ఫ్లాట్‌గానా, తరుగుతున్న బాకీ మీదా అన్నది సంతకం పెట్టకముందే అడగండి.